సవతి తల్లి ప్రేమ: మన తీర్మానాల్లో, మన నోటీసుల్లో

మన సంఘాల తీర్మానాలు ఏ సంవత్సరానివి తిరగేసినా ఒక మాట తప్పకుండా దొరుకుతుంది. "కేంద్రం మన రాష్ట్రంపై సవతి తల్లి ప్రేమ చూపుతోంది." నిధులైనా, నీళ్ళైనా, రైళ్ళైనా అదే మాట. డ్రాఫ్టింగ్ కమిటీలో ఉన్న నాలుగేళ్ళలో నా చేత్తో నేనే రెండుసార్లు రాశాను. అప్పుడు తప్పనిపించలేదు.

ఈసారి డ్రాఫ్టులోనూ ఆ మాట ఉంది. దానికి రెండు పేజీల తరవాత "ప్రవాసుల ఆస్తుల రక్షణ" అని ఇంకో తీర్మానం ఉంది. మనం విదేశాల్లో ఉండగా ఊళ్ళో మన ఆస్తుల్ని "కబ్జాదారులు, బంధువులు" కాజేస్తున్నారట, కాబట్టి ప్రభుత్వాలు ప్రత్యేక సెల్ పెట్టాలట, ఫాస్ట్ ట్రాక్ కోర్టులు పెట్టాలట. కబ్జాదారుల సంగతి సరే. ఆ పక్కనున్న "బంధువులు" అన్న మాట దగ్గర నేను అభ్యంతరం చెప్పాను. మీటింగులో చాలామందికి కోపం వచ్చింది. "నువ్వెవరి పక్షం?" అని ఒకాయన సూటిగానే అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబే ఇది.

ఎవరీ బంధువులు? ఎడిసన్‌లో ఒక మిత్రుడి బేస్‌మెంట్‌లో జరిగిన ఆ సమావేశంలో అయిదుగురు లేచి తమ కష్టాలు చెప్పుకున్నారు. ఒకరిది ప్లాటు హద్దుల గొడవ, ఒకరిది బాబాయి కొడుకుతో తగువు. మిగతా ముగ్గురి గొడవా తండ్రి రెండో భార్యతోనే. ఒకాయన "ఆ మనిషి" అన్నాడు. ఇంకొకాయన "మా నాన్న పెట్టుకున్నావిడ" అన్నాడు. గుళ్ళో పెళ్ళి, రిజిస్ట్రారాఫీసులో సర్టిఫికెట్టు, పెళ్ళి ఫోటోలో ఈయన కూడా సూటు వేసుకుని నిలబడ్డాడు. అయినా "పెట్టుకున్నావిడ"! గంటన్నర సేపు ఆ ముగ్గురు ఆడవాళ్ళ గురించే మాట్లాడుకున్నాం. ఒక్కరి పేరూ వినపడలేదు.

మనమేమో వీరేశలింగం గారి జయంతికి ఫ్లెక్సీ కట్టేవాళ్ళం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారని పిల్లల క్విజ్‌లో ప్రశ్న పెట్టేవాళ్ళం. 1856 నాటి చట్టం వితంతువు పెళ్ళికి ఒప్పుకుంటూనే, మళ్ళీ పెళ్ళాడితే మొదటి భర్త ఆస్తిలో హక్కు పోతుందని షరతు పెట్టింది. ఆ చట్టాన్ని 1983లో రద్దు చేశారు. మనం ఇంకో అడుగు ముందుకేసి రెండో భర్త ఆస్తిలో కూడా హక్కు లేదంటున్నాం.

నేను ఎవర్నో తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆ ముగ్గురి బదులు నాలుగేళ్ళ క్రితం లేచి నిలబడాల్సింది నేనే.

మా అమ్మ 2012లో పోయింది. నేను అప్పటికి ఎమ్మెస్ పూర్తిచేసి ఓపీటీ మీద ఉన్నాను. అక్క మెల్‌బోర్న్‌లో. గుంటూరు ఇంట్లో నాన్న ఒక్కరే. 2015లో ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటానన్నారు. ఆవిడ భర్త పోయిన మనిషి, ఒక కూతురు, ఆ అమ్మాయికి పెళ్ళయిపోయింది. మేం వద్దనలేదు. నిజం చెప్పాలంటే మా గుండెల మీద బరువు దిగింది. షుగర్ మాత్ర వేసుకున్నారా, రాత్రి ఏం తిన్నారు అని రోజూ ఫోన్లో వాకబు చేసే పని తప్పింది. వంటమనిషిని వెతకక్కర్లేదు, రాత్రిపూట తోడు ఉండే మనిషిని పెట్టక్కర్లేదు. ఈ లెక్క ఎవరం పైకి అనలేదు గానీ ఇద్దరం వేసుకున్నాం.

ఆరేళ్ళలో ఇండియా మూడుసార్లు వెళ్ళాను. ఆవిడ్ని ఏమని పిలవాలో తేల్చుకోలేక ఏమనీ పిలవలేదు. "ఏవండీ" అనో, "కాఫీ ఉందా" అనో ముందు మాట లేకుండా నెట్టుకొచ్చాను.

2021 మే నెలలో నాన్నకి కోవిడ్ వచ్చింది. ఆ రోజుల్లోనే అమెరికా ఇండియా ప్రయాణాల మీద ఆంక్షలు పెట్టింది. నా పాస్‌పోర్టులో హెచ్‌-1బి స్టాంపు గడువు అయిపోయింది, వెళితే తిరిగి రాగలనో లేదో తెలీదు. ఆస్ట్రేలియా అయితే ఇండియాలో ఉన్న తన పౌరుల్ని కూడా కొన్నాళ్ళు రానివ్వనంది, అక్క కదల్లేకపోయింది. పదకొండు రోజులు ఆవిడే ఆస్పత్రి మెట్ల మీద కూర్చుంది. అంత్యక్రియలు మేం వీడియో కాల్‌లో చూశాం.

నెల తరవాత వీలునామా సంగతి తెలిసింది. 2019లో రాశారట. రిజిస్టర్ చెయ్యలేదు. పక్కింటాయన, నాన్నతో కాలేజీలో పనిచేసిన లెక్చరర్ ఒకాయన సాక్షి సంతకాలు. ఇల్లు ఆవిడ బతికున్నంతకాలం ఆవిడ అనుభవించాలి, ఆ తరవాత మా ఇద్దరికీ చెరి సగం. ఒకటిన్నర పేజీ, అంతే.

మాకు తెలిసినవాళ్ళందరి సలహా ఒకటే: "ముందు నోటీసు కొట్టు, తరవాత మాట్లాడు." కొట్టాం. వీలునామా దొంగదనీ, పదిహేను రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలనీ లాయరు రాశాడు. అందులో ఆవిడ్ని "మా క్లయింట్ల తండ్రితో కలిసి నివసించిన స్త్రీ" అన్నాడు. మెయిల్లో డ్రాఫ్టు వస్తే నేను చదివాను. చదివే "ఓకే, ప్రొసీడ్" అని జవాబిచ్చాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మేం ఆ కేసు వేసి, గెలిచి, వీలునామా దొంగదేనని రుజువు చేసి ఉంటే ఏమయ్యేది? వీలునామా లేకుండా పోయిన హిందువు స్వార్జితం 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసులకి పోతుంది. కొడుకు, కూతురు, తల్లి, భార్య ఆ తరగతివాళ్ళు. నాయనమ్మ లేదు. అంటే అక్కకి ఒక వంతు, నాకు ఒక వంతు, ఆవిడకి ఒక వంతు. అనుభవించి వదిలెయ్యాల్సిన వంతు కాదు, అమ్ముకోవడానికీ, కూతురికి రాసివ్వడానికీ పూర్తి హక్కున్న వంతు! నాన్న కాగితం ఆవిడకి ఇచ్చింది అంతకన్నా తక్కువే. మేం దొంగ అన్న ఆ కాగితం మాకోసం రాసింది. నోటీసు రాసిన లాయరు ఈ ముక్క చెప్పలేదు, మేమూ అడగలేదు. రోజూ కోడ్‌లో ఎడ్జ్ కేసులు వెతికే వాడిని, నా సొంత కేసులో ఎల్స్ బ్రాంచి చూసుకోలేదు.

చట్టంలో "రెండో భార్య" అని వేరే గడి లేదని మనవాళ్ళు చాలామందికి తెలియదు. మొదటి భార్య బతికుండగా, విడాకులు లేకుండా చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లదు, అది వేరే కథ. చెల్లే పెళ్ళి అయితే ఆవిడ ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినా, మూడు నెలలే చేసినా వాటా ఒకటే. "మా అమ్మ కష్టపడి కట్టించిన ఇల్లు" అంటాం. నిజమే కావచ్చు. దస్తావేజు అమ్మ పేరున ఉండి ఉంటే, ఆవిడ పోయిన రోజునే నాన్నతో పాటు మనకీ వాటా వచ్చేది. నాన్న పేరున ఉంటే ఆ మాట కోర్టులో బరువు తూగదు. అసలు ఆడవాళ్ళ సంపాదనతో కొన్నవి మగవాళ్ళ పేరున ఎందుకు ఉంటున్నాయి అని అడగాలంటే అది సవతి తల్లిని అడిగే ప్రశ్న కాదు.

మన భయానికి అసలు ఆధారమే లేదని అనను. ఆవిడకి వచ్చిన వాటా ఆవిడ తరవాత ఎవరికి? ఆవిడకి సొంత పిల్లలుంటే వాళ్ళకి. హిందూ స్త్రీ ఆస్తి విషయంలో "కొడుకు" అంటే సవతి కొడుకు కాదని సుప్రీం కోర్టు 1987లో లచ్మన్ సింగ్ కేసులో తేల్చేసింది. పిల్లలు లేకపోతే మాత్రం, భర్త నుంచి వారసత్వంగా వచ్చింది భర్త వారసులకి, అంటే మనకి, తిరిగి వస్తుంది. కాబట్టి నాన్న కట్టిన ఇంట్లో మూడో వంతు మనం ఎప్పుడూ సరిగ్గా చూడని ఒక అమ్మాయికి పోవచ్చు. ఈ మాట వినగానే మనలో చాలామందికి రక్తం మరుగుతుంది. నాకూ మరిగింది.

దానికి మందుగా తండ్రులు మా నాన్నలాగే "జీవితాంతం అనుభవించు, తరవాత పిల్లలకి" అని రాస్తారు. అది కూడా గట్టి తాళం కాదు. తులశమ్మ కేసు మన ఆంధ్ర నుంచి వెళ్ళిందే. భరణం కింద వితంతువుకి ఇచ్చిన ఆస్తి మీద కాగితంలో ఎన్ని షరతులు రాసినా, పోషణ హక్కు ఆమెకి ముందునుంచీ ఉన్నదే కాబట్టి, 14వ సెక్షన్ ప్రకారం ఆమెకి పూర్తి యాజమాన్యం వస్తుందని 1977లో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ తరవాత వచ్చిన తీర్పులన్నీ ఒక దారిలో లేవు. ఈ చిక్కు విప్పడానికి పెద్ద ధర్మాసనం కావాలని 2024 డిసెంబరులో సుప్రీం కోర్టే అంది. అంటే జడ్జీలకే తేలని విషయాన్ని మన తండ్రులు స్టాంపు వెండరు రాసిచ్చిన రెండు వాక్యాలతో తేల్చెయ్యాలనుకుంటున్నారు. మంచి లాయర్ని పెట్టుకుని, ఏది భరణం, ఏది కానుక, ఎవరికి ఎందుకు ఇస్తున్నానో వివరంగా రాయించుకునే తండ్రి ఎక్కడ? ఆ మాట ఎత్తితే కొడుకు "ఇప్పుడవన్నీ ఎందుకు నాన్నా" అంటాడు. నేనూ అదే అన్నాను, 2017లో, వైజాగ్ ట్రైన్లో. ఆయన మళ్ళీ ఎత్తలేదు.

మోసాలు లేవా? ఉన్నాయి. నాకు తెలిసిన ఒకతని తండ్రికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ పదిరోజుల్లోనే ఆస్తంతా రెండో భార్య తమ్ముడి పేర మారుస్తూ వీలునామా పుట్టింది. ఇలాంటివి చూడ్డానికి చట్టం ఎప్పుడో దారి వేసింది. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది ఏమిటంటే, వీలునామా తెచ్చినవాళ్ళే అది నిజమైనదని రుజువు చెయ్యాలి, లాభపడేవాళ్ళే దాన్ని దగ్గరుండి రాయించి ఉంటే ఆ అనుమానం తీర్చే బాధ్యతా వాళ్ళదే. సాక్షుల్లో బతికున్నవాళ్ళుంటే కనీసం ఒకరు కోర్టుకి రావాలి. ఆ మిత్రుడి కేసుకి నేను చందా కూడా ఇచ్చాను. అయితే ఒక్క మాట. ఆ తీర్పు సవతి తల్లులకి మాత్రమే రాసింది కాదు. పదిరోజుల సెలవు మీద దిగి, రెండో రోజు గుడికీ, మూడో రోజు సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకీ డెబ్బై ఎనిమిదేళ్ళ తండ్రిని కారెక్కించుకుపోయే కొడుక్కి కూడా అదే తీర్పు.

ఇంకో సంగతి మన సభల్లో ఎవరూ ఎత్తరు. హిందువు పెళ్ళి చేసుకుంటే అంతకు ముందు రాసిన వీలునామా రద్దు కాదు. అంటే 2005లో అంతా కొడుకు పేర రాసి, 2015లో పెళ్ళి చేసుకుని, ఆ పాత కాగితం మార్చకుండా పోయాడనుకోండి, ఆవిడకి వాటా సున్నా. వారసులని పోషణ అడగాలి, అంతే. భార్యకి ఇంత తప్పనిసరిగా దక్కాలి అన్న నియమం హిందూ చట్టంలో లేదు. మనముంటున్న న్యూజెర్సీలో భర్త వీలునామాలో భార్య పేరు కొట్టేసినా, విడిపోయి ఉండకపోతే, ఆస్తిలో మూడో వంతు దాకా ఆమె కోర్టులో తీసుకోవచ్చు. మన అక్కచెల్లెళ్ళు ఇక్కడ ఆ రక్షణలో ఉన్నారు. ఊళ్ళో పిన్నికి ఆ రక్షణ లేదని మనం సంతోషిస్తున్నాం!

నామినీ గొడవ ఒకటి. నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లకి నామినీ నేను. ఆ డబ్బు నాదే అనుకున్నాను. బ్యాంకు నామినీకి డబ్బు చేతికిచ్చి తన పని ముగించుకుంటుంది, సొంతదారులు మాత్రం వారసులేనని 2010లోనే సుప్రీం కోర్టు చెప్పింది. షేర్ల విషయంలో 2023లోనూ అదే మాట. జీవిత బీమాలో మాత్రం భార్యో, పిల్లలో, తల్లిదండ్రులో నామినీ అయితే 2015 నుంచి లెక్క వేరు. అంటే మేం "ఆవిడ మా నాన్న డబ్బు కాజేసింది" అని ఊరంతా చెప్పుకుంటున్న రోజుల్లో, ఆ డిపాజిట్లలో ఆవిడ వాటా కూడా నా ఎన్నారో అకౌంట్లో ఉంది.

ఇదంతా ఇండియా గోల, మాకెందుకు అనేవాళ్ళ కోసం ఇక్కడి సంగతి. మనలో విడాకులు లేవా, రెండో పెళ్ళిళ్ళు లేవా? మన పిల్లలకి రేపు ఒక స్టెప్‌మదరో స్టెప్‌ఫాదరో రారా? డేవిడ్ ఎగెల్‌హాఫ్ అని వాషింగ్టన్ రాష్ట్రంలో బోయింగ్ ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. 1994లో రెండో భార్యతో విడాకులయ్యాయి, రెండు నెలలు దాటగానే చనిపోయాడు. కంపెనీ ఇన్సూరెన్స్, పెన్షన్ ఫారాల్లో ఆమె పేరే ఉండిపోయింది. మొదటి పెళ్ళి పిల్లలు కోర్టుకెక్కారు. విడాకులతో పాత పేరు దానంతటదే చెల్లకుండా పోతుందన్న రాష్ట్ర చట్టం వాళ్ళ పక్షానే ఉంది. 2001లో అమెరికా సుప్రీం కోర్టు, కంపెనీ ప్లాన్లకి ఫెడరల్ చట్టమే వర్తిస్తుంది, ఫారంలో ఎవరి పేరుంటే వాళ్ళకే అంది. పిల్లలకి రాలేదు. 2009లో డూపాంట్ ప్లాన్ కేసులో, మాజీ భార్య విడాకుల్లో హక్కు వదులుకున్నా డబ్బు ఆమెకే పోయింది, కూతురికి రాలేదు.

తిరగేసి కూడా చూడండి. 401-కెలో పిల్లల పేర్లు రాసి ఉంచి, మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా? సాధారణంగా ఆ డబ్బు కొత్త భార్యకే. నోటరీ ముందో, ప్లాన్ ప్రతినిధి ముందో ఆమె లిఖితపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప పిల్లలకి రాదు. వీలునామాలో ఏం రాసినా ఆ డబ్బుని అది తాకదు. వీలునామా అసలు లేకపోతే డాలస్‌లో ఒక లెక్క, బే ఏరియాలో ఒక లెక్క. టెక్సాస్‌లో పోయినాయనకి వేరే పెళ్ళి పిల్లలుంటే ఉమ్మడి ఆస్తిలో ఆయన సగం పిల్లలకి పోతుంది, భార్యకి ఇంట్లో ఉండే హక్కు మిగులుతుంది. కాలిఫోర్నియాలో ఉమ్మడి ఆస్తి మొత్తం భార్యదే. ఈ ఫోరం మెంబర్లలో ఎంతమంది వీలునామా రాశారని ఆ రోజు బేస్‌మెంట్‌లో అడిగాను. ఇరవై మూడు మందిలో నాలుగు చేతులు లేచాయి. నాది లేవలేదు.

కాబట్టి డ్రాఫ్టింగ్ కమిటీకి నేను చెప్పేది ఇది. కబ్జాదారుల మీద తీర్మానం చెయ్యండి, సంతకం పెడతాను. "బంధువులు" అన్న మాట తీసెయ్యండి. కొడుకు అమెరికాలో ఉన్నాడు కాబట్టి ఊళ్ళో ఉన్న వితంతువుని ప్రభుత్వ సెల్‌కి పిలిపించి బెదిరించే అధికారం అడగడానికి మనమెవరం? 2007లో వచ్చిన వృద్ధుల పోషణ చట్టం "తల్లిదండ్రులు" అన్న మాటకి ఇచ్చిన అర్థంలో సవతి తల్లి, సవతి తండ్రి కూడా ఉన్నారు. మనం పిటిషన్ ఇస్తే ఎదుటివాళ్ళు దాన్ని బయటికి తీస్తారు, అప్పుడు మనమే బోనులో నిలబడాలి. వేసవిలో పెట్టే లీగల్ క్యాంపుకి లాయర్లని పిలిస్తే, "నోటీసు ఎలా ఇవ్వాలి" అన్న సెషన్ బదులు "నాన్నతో వీలునామా మాట ఎలా ఎత్తాలి" అన్న సెషన్ పెట్టండి, ఆయన భార్యని కూడా కూర్చోబెట్టి. ఇక కేంద్రాన్ని తిట్టాలంటే వివక్ష అనండి, అన్యాయం అనండి, తెలుగులో తిట్లకి కరువు లేదు.

నా కథ మధ్యలో వదిలేశాను. 2022 డిసెంబరులో గుంటూరు వెళ్ళాను, నోటీసుకి జవాబు రాలేదేమని గట్టిగా అడగడానికి. ఆవిడ ఒక ప్లాస్టిక్ ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు. నాన్న పోయాక కట్టినవి కూడా నాన్న పేరునే ఉన్నాయి. ఆ వీలునామా పట్టుకెళ్ళి ఏడాదిన్నరలో మునిసిపల్ ఆఫీసులో పేరు మార్పుకి ఒక అర్జీ కూడా పెట్టలేదు. కాజేసే మనిషి మొదట చేసే పని అదే కదా. ఎందుకు పెట్టలేదని అడిగాను. "మీరిద్దరూ వచ్చాక కలిసి వెళ్దామని ఆగాను బాబూ. నోటీసు చదివాక ఇంక వెళ్ళాలో వద్దో తెలీలేదు" అంది.

అక్కతో నాలుగు నెలలు వాదన. తను పూర్తిగా ఒప్పుకోలేదు, ఇవాళ్టికీ ఒప్పుకోలేదు. "నీ కోసం పెడుతున్నా సంతకం, న్యాయమని కాదు" అంది. నోటీసు వెనక్కి తీసుకున్నాం. వీలునామా పక్కన పెట్టి, ముగ్గురం సమానంగా, ఆవిడ ఉన్నంతకాలం ఇల్లు ఆవిడ చేతిలోనే ఉండేట్టు కుటుంబ ఒప్పందం రాసుకుని రిజిస్టర్ చేయించాం. డిపాజిట్లలో వాటా పంపించాను. ఆవిడ మూడో వంతు ఆవిడ కూతురికే పోతుంది. ఆ అమ్మాయి నరసరావుపేటలో టీచరు. మొన్న దసరాకి మొదటిసారి ఫోన్లో మాట్లాడాను.

ఏప్రిల్ నెలాఖరులోపు ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే అయిదు శాతం తగ్గిస్తారు. పిన్ని ఈసారి కూడా ఆ గడువు దాటనివ్వలేదు. రసీదు ఫోటో తీసి పంపింది. పేర్లు మూడూ ఉన్నాయి, నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది. దిద్దించడానికి మళ్ళీ వెళ్తానంది.